తేనె దుంగలకు కట్టిన నల్లగుడ్డ

శనివారం పొద్దున మార్సెలీన్ పొయ్యి రాజేసి ప్రాదల్‌గారి కాఫీకి పాలు పెట్టిందో లేదో, కింద మెట్ల మీద చప్పుడయింది. ఎవరో మూడు మెట్లు ఎక్కి ఆగారు. మళ్ళీ రెండు ఎక్కి ఆగారు. ఆ నడక మార్సెలీన్‌కు బాగా తెలుసు. ఏడేళ్ళ కిందట తనూ ఈ మెట్లు అలాగే ఎక్కింది. అప్పట్లో ఆమె వంటమనిషి. యజమానురాలు విషం తిని పోతే ఊరంతా ఆమె వైపే వేలు చూపించింది. ఆ రోజు ప్రాదల్‌గారు ఆమెను కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న విషం గురించి కాదు. "పొద్దుటినుంచి ఏమైనా తిన్నావా, అమ్మా?" అని అడిగారు. ఆ తర్వాత అసలు దోషిని పట్టుకున్నారు, ఆమెకు తన దగ్గరే పని ఇచ్చారు, అవన్నీ సరే. మార్సెలీన్ మాత్రం ఇప్పటికీ ఆ ఒక్క మాటనే తలుచుకుంటుంది.

తలుపు తీస్తే ఎదురుగా ముప్పై అయిదేళ్ళ మనిషి నిలబడి ఉంది. నెత్తిన టోపీ లేదు. రెండు చేతులకూ కట్లు. ఆమె ఒంటి నుంచి కట్టెల పొగ వాసన గుప్పున వచ్చింది.

"ప్రాదల్‌గారంటే..."

"లోపలికి రండి. పొద్దుటినుంచి ఏమైనా తిన్నారా?" అంది మార్సెలీన్.

ఆమె తల అడ్డంగా ఊపి, భోరున ఏడ్చేసింది.

ఓగుస్తాన్ ప్రాదల్ పొట్టిగా, గుండ్రంగా, అరవై ఏళ్ళుండే మనిషి. మాంద్ పట్టణపు కోర్టులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి, తర్వాత డిటెక్టివ్ అయ్యారు. అబద్ధాలు వినీ వినీ చెవులు పదునెక్కాయంటారు. ఇంట్లో ఉన్నా నెత్తిన టోపీ తీయరు, ఎవరినైనా సరే అడిగింది మళ్ళీ అడగరు. ఆయన రొట్టె ముక్క ఆమె ముందుకు తోసి, సగం తినేదాకా ఆగారు.

"ఇప్పుడు చెప్పండి."

ఆమె పేరు అగాత్. ఊరు వాల్‌బ్రూన్, కొండల మీద చెస్ట్‌నట్ తోపుల మధ్య ఉన్న పల్లె. భర్త లెయోన్స్. ఇది చెస్ట్‌నట్లు ఎండబెట్టే కాలం. పొగగదిలో కింద నిప్పు వేసి, పైన తడక మీద కాయలు పోసి, మూడు నాలుగు వారాలు ఆ నిప్పు ఆరకుండా చూసుకోవాలి.

"గురువారం తొమ్మిదింటికి మా అత్తయ్య చేతి కాఫీ తాగి ఆయన పొగగదిలోకి వెళ్ళారు. నేను బట్టల గంపతో ఉతుకుడు రేవుకు పోయాను. రేవు ఊరివాళ్ళందరిదీను. ఉతుకుడు రోజున నేను ఒంటిగంటకు గానీ ఇల్లు చేరను. ఆ రోజు పదకొండింటికి వాన మొదలైంది. తడిబట్టలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాను. వస్తూ చూస్తే పొగగదికి బయట గడియ వేసి ఉంది, అయ్యా! పశువులు దూరకుండా వేసే చెక్క గడియ అది. లోపల మనిషి ఉన్నప్పుడు ఎవరూ వెయ్యరు. తీస్తే ఆయన నిప్పుల పక్కన పడి ఉన్నారు. చేతులు కాలుతున్నా ఈడ్చుకొచ్చాను. ఊపిరి ఉంది! బతికే ఉన్నారని అరిచాను."

"ఎవరొచ్చారు?"

"అత్తయ్య వచ్చింది. ఆవిడకి చెవులు సరిగా వినపడవు, నా అరుపు ఎలా వినపడిందో మరి. బడి మాస్టారు వచ్చాడు. మా ఆయనకి తమ్ముడి వరసైన ఉర్బాన్ తోపులోంచి దిగి వచ్చాడు. ఆయన్ని వీపుకెత్తుకుని రోడ్డుదాకా మోసింది ఉర్బానే. పాల లారీ వచ్చేసరికి పన్నెండున్నర అయింది. అప్పటిదాకా నలుగురం ఆయన చుట్టూనే ఉన్నాం. ఇప్పుడు ఈ ఊరి ఆస్పత్రిలోనే ఉన్నారు. ఇంకా కళ్ళు తెరవలేదు. నన్ను లోపలికి పోనివ్వడం లేదు."

"ఎందుకని?"

"గడియ నేనే వేశానట. తొమ్మిదిన్నరకు రెండో గంప కోసం రేవునుంచి పావుగంట ఇంటికి వెళ్ళొచ్చాను. ఆ పావుగంట చాలంటున్నారు. సోమవారం పొద్దున వచ్చి నన్ను తీసుకుపోతారు." ఆమె కట్ల చేతులతోనే ముఖం తుడుచుకుంది. "జైలంటే భయం లేదండీ. ఆయన కళ్ళు తెరిచేసరికి పక్కన నేను లేకపోతే నేనే చేశానని ఆయన కూడా నమ్ముతారు. నాకు ఆ కుర్చీ కావాలి. ఆ మంచం పక్కన కుర్చీ ఇప్పించండి చాలు."

"మీమీద మొదట వేలెత్తింది ఎవరు?"

"అత్తయ్య. నా మంచం కింద రేకు పెట్టె తీసి పోలీసులకిచ్చింది." అగాత్ తల వంచుకుంది. "దాన్లో రిబ్బన్లు, దువ్వెన, కుట్టుపనికి వేలికి తొడిగే అంగుస్తానా, చెక్కతో చెక్కిన పిట్టలు ఉన్నాయి. రేవు రాతి మీద నా చోట్లో ఎవరో పెట్టిపోతారు. ఎవరో నాకు తెలీదు. పారేస్తే ఎవరైనా చూస్తారని దాచాను. మా ఇంట్లో అద్దెకుండే మాస్టారు ఇచ్చాడని ఊరంతా అంటోంది."

"ఎప్పటినుంచి పెడుతున్నారు?"

"నా పెళ్ళయిన ఏడాది నుంచి. పన్నెండేళ్ళు."

"మాస్టారు ఊరికి వచ్చి?"

"రెండేళ్ళు."

ప్రాదల్ కాఫీ తాగుతూ ఆగిపోయారు. "ఈ మధ్య ఇంట్లో కొత్త సంగతి ఏమైనా జరిగిందా?"

"ఆయనకు నీమ్ పట్టణంలో రైల్వే పని దొరికింది. కొత్త సంవత్సరం రాగానే వెళ్ళిపోతాం. పోయిన ఆదివారం భోజనాల దగ్గర చెప్పారు. అత్తయ్య పళ్ళెం వదిలి లేచిపోయింది. మాతో రమ్మన్నాం, రానంది."

"ఇంకేమైనా? చిన్న విషయమైనా సరే."

"ఇంకేం లేవండీ. పెరట్లో తేనెటీగలుండే దుంగలకి అత్తయ్య నల్ల పీలికలు కట్టింది, పిట్టలు వాలకుండా కాబోలు. నాకెవరు చెప్తారు? నేను సముద్రం పక్కన, చేపలు పట్టేవాళ్ళింట్లో పుట్టినదాన్ని. వాళ్ళకి నేనెప్పుడూ పరాయిదాన్నే."

ప్రాదల్‌గారు లేచి కోటు వేసుకున్నారు. "మార్సెలీన్, కారు తియ్యి," అన్నారు. ఆయన కాఫీ సగంలో వదిలేయడం మార్సెలీన్ ఏడేళ్ళలో రెండోసారి చూసింది.

*

వాల్‌బ్రూన్ చేరగానే అగాత్ ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా పొగగదిలోకి పోయింది. భర్త పడిపోయిన ఆ గదిలోనే మోకాళ్ళ మీద కూర్చుని, కట్ల చేతులతో బూడిద తోసి, నిప్పు మీద చెస్ట్‌నట్ పొట్టు పోసింది. పోలీసులు గదికి తాళం వేస్తామంటే, "నిప్పు ఆరితే కాయలు కుళ్ళిపోతాయి, చలికాలమంతా మా ఇంటికి మీరు తిండి పెడతారా?" అని అడిగిందట. వాళ్ళు తాళం వెయ్యకుండానే పోయారట. కిటికీలోంచి ఒక ముసలామె ఇదంతా రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

ఆ ముసలామె లెయోన్స్ తల్లి ఫిలోమెన్. అత్తాకోడళ్ళు ఉప్పూ నిప్పూ. పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఏది కావాలన్నా మధ్యలో లెయోన్స్ చెప్పాలి.

"కూర్చోండి," అందామె. "కోడలు పట్టుకొచ్చిన డిటెక్టివ్‌వా? నువ్వు ఆ దయ్యాన్ని దేవతని చేసినా నేను నమ్మను."

"నమ్మకండమ్మా. నాకు రెండు ముక్కలు చెప్పండి చాలు," అన్నారు ప్రాదల్ గొంతు పెంచి. "గురువారం వాన ఎంతసేపు పడింది?"

"అదొక వానా? పన్నెండు రోజుల్లో ఆ ఒక్కటే. పదకొండుకి మొదలైంది, చర్చి గంట పన్నెండు కొట్టేసరికి ఆగిపోయింది. ఆ తర్వాత చుక్క లేదు. అయితే ఏంటట?"

"తేనె దుంగలకి నల్లగుడ్డలు కట్టారట?"

ఫిలోమెన్ ముఖం ఎర్రబడింది. "కట్టారా? అది కట్టింది! నా కొడుకు ఊపిరి ఇంకా ఆడుతుండగానే! లారీ వెళ్ళాక పెరట్లోకి పోయి చూద్దును కదా, ఎనిమిది దుంగలకీ మైలగుడ్డ! అది కూడా నా ఏప్రాన్ చించి! నా మొగుడు పోయినప్పుడు అక్రోటు తొక్కలతో నేనే రంగేసుకున్న ఏప్రాన్, కట్టెల కొట్టంలో మేకుకి ఉండేది."

"మార్సెలీనమ్మ పట్నంలో పుట్టింది. ఆ ఆచారం ఏమిటో ఆమెకి కాస్త చెప్పండి."

"ఇంటి యజమాని పోతే తేనెటీగలకి చెప్పాలమ్మా," అంది ముసలామె గొంతు తగ్గించి. "దుంగకి నల్లగుడ్డ కట్టి, మూడుసార్లు తట్టి, మీ యజమాని పోయాడు, ఇకనుంచి మీ యజమానిని నేనే అని చెప్పాలి. ఎంత తొందరగా చెప్తే అంత మంచిది. చెప్పకపోతే ఈగలు చచ్చిపోతాయి, లేదా లేచిపోతాయి. నా మొగుడు లెయోన్స్ పెళ్ళికి ముందే పోయాడు, ఆ గంటలోనే వాడు చెప్పాడు."

"కట్టింది మీ కోడలేనా అని ఆమెనే అడిగారా?"

"దానితో నేను మాట్లాడనుగా!"

మార్సెలీన్‌కు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

పెరటి వెనక రాతి మెట్టు మీద, తొలిచిన చెస్ట్‌నట్ దుంగలు ఎనిమిది, నెత్తిన పలకరాళ్ళతో వరసగా నిలబడి ఉన్నాయి. ప్రాదల్‌గారు ఇరవై అడుగుల దూరంలోనే ఆగిపోయారు.

"నువ్వు వెళ్ళి చూడు, మార్సెలీన్."

"మీరు రారా?"

"నాకు ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తోంది."

హంతకుల ముఖం మీద వేలు పెట్టి మాట్లాడే మనిషి తేనెటీగను చూస్తే పైప్రాణాలు పైనే పోతాయని మార్సెలీన్‌కు ఆ రోజే తెలిసింది. నవ్వు దిగమింగుకుని ఎక్కింది. చలికి ఈగలు బద్ధకంగా ఉన్నాయి. ఆమె మొదటి దుంగ పీలికను వేళ్ళతో పట్టుకుని చూసింది. తెల్లబారిన చెక్క మీద, ఏడ్చిన కంటి కాటుకలా నల్లచారలు కిందిదాకా జారి ఉన్నాయి. ఎనిమిదింటికీ అంతే. ముడి దగ్గర ఇంకా చెమ్మ ఉందేమో, ఆమె ఉన్ని గ్లవుజుకు కూడా నలుపు అంటుకుంది.

"పాడైపోయింది," అంటూ చూపించింది.

ఆయన ఆ గ్లవుజును కోటు జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నారు. "కొత్త జత కొనిపెడతాను. ఇది మాత్రం నాది."

తెయోఫిల్ మాస్టారు ఇంటి పక్క మెట్ల మీద దొరికాడు. సన్నగా, పురుగుల సీసాలతో, ఎవరైనా పలకరిస్తే చెవులు ఎర్రబడే కుర్రాడు. గురువారం బడి ఉండదు గనుక పొద్దున్నే వలతో కొండ మీదికి వెళ్ళాడట, అరుపు విని పరుగెత్తుకొచ్చాడట.

"చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"పురుగులు తప్ప ఎవరూ లేరండీ."

"దుంగలకి కట్టిన నల్లగుడ్డలు చూశారా?"

"చూశాను. చలికి కప్పారనుకున్నాను. మరీ సన్నగా ఉన్నాయే అని కూడా అనిపించింది." అతను చేతిలోని సీసా మూత బిగించాడు. "అగాత్‌గారికి నేను ఏ రిబ్బనూ ఇవ్వలేదండీ. ఒట్టు. ఆవిడ ఎదురైతే నాకు నోరే పెగలదు."

చివరికి ఉర్బాన్ గుడిసెకు వెళ్ళారు. లెయోన్స్‌కు దూరపు తమ్ముడి వరస. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే ఫిలోమెన్ తెచ్చి పెంచింది. నలభై ఏళ్ళ బ్రహ్మచారి, తోపు పనీ ఈగల పనీ అతనివే. మనిషి ఎద్దులా ఉంటాడు గానీ నోట్లో నాలుక లేనట్టే. కుర్చీ తుడిచి వేశాడు.

"గురువారం ఎక్కడున్నావు, ఉర్బాన్?"

"పై తోపులో కాయలేరుతున్నానండీ. అగాత్... వదిన అరిచేదాకా కిందికి దిగలేదు."

"లెయోన్స్‌ని నువ్వే మోశావట. పెద్ద సాయం చేశావు."

"అయ్యో, దాందేముందండీ," అన్నాడు నేల చూస్తూ.

మార్సెలీన్ గుడిసె వెనక ఒంటరిగా ఉన్న ఒక తేనె దుంగను చూసి వచ్చింది. "నీ దుంగ ముచ్చటగా ఉందయ్యా. ఈగలు ఎక్కడివి?"

అతని ముఖం మొదటిసారి వెలిగింది. "అన్న ఇచ్చాడమ్మా. పై దుంగల్లోంచి విడిపోయి వచ్చిన గుంపే. అదే ఇంటి ఈగలు."

కారు దగ్గర ప్రాదల్‌గారు అడిగారు. "ఏం చూశావు?"

"గుడిసె శుభ్రంగా ఉంది. మంచం పక్కన చాకు, చెక్క పేళ్ళు ఉన్నాయి. కిటికీలోంచి ఉతుకుడు రేవు కనబడుతుంది. వెనక దుంగకి నల్లగుడ్డ లేదు. చెక్క మీద మాత్రం రెండు నల్లచారలున్నాయి, మసి అనుకుంటాను."

ప్రాదల్‌గారు టోపీ తీసి, నెత్తి గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నారు. "మార్సెలీన్, నిన్ను ఆ దేవుడే నా దగ్గరికి పంపాడు."

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ పూటంతా ఆ మాట తలుచుకుని మురిసిపోయింది.

*

ఆదివారం చర్చి అయ్యాక అందరూ పెరట్లో పోగయ్యారు. పోలీసు అధికారి కోంబ్ మీసం దువ్వుకుంటూ వచ్చాడు. ఫిలోమెన్ రాతి మెట్టుకు ఒక కొసన, అగాత్ రెండో కొసన నిలబడ్డారు. మాస్టారు, ఉర్బాన్ మధ్యలో ఉన్నారు. ప్రాదల్‌గారు మార్సెలీన్ శాలువా టోపీ మీదుగా కప్పుకుని గోడకు ఇవతలే ఆగారు.

"ఇదేం వేషం?" అన్నాడు కోంబ్.

"చలి," అన్నారు ప్రాదల్ ముభావంగా. "ఫిలోమెనమ్మా, మీ కోడలిని ఒక్క మాట అడగండి. ఆ గుడ్డలు నువ్వు కట్టావా అని."

"నేనడగను."

"మీ కొడుకు కోసం అడగండి."

ముసలామె కోడలి వైపు చూడకుండానే అంది. "నువ్వు కట్టలేదూ?"

"నేనా?" అంది అగాత్ తెల్లబోయి. "పిట్టలు వాలకుండా మీరు కట్టారనుకున్నాను, అత్తయ్యా. అదేంటి, అవి దేనికి?"

"దేనికా!" ముసలామె గిరుక్కున తిరిగింది. "ఇంటి యజమాని పోతే ఈగలకి చెప్పే మైలగుడ్డ అని నీకు తెలీదూ?"

"పన్నెండేళ్ళలో నాకెవరు చెప్పారు?"

ఫిలోమెన్ గోడ మీద కూలబడింది. నిజమే, తాను చెప్పలేదు. మాట్లాడకూడదని కూర్చుంది తనేగా.

"మొదటి సంగతి ఇది," అన్నారు ప్రాదల్. "మీరు ఈమె కట్టిందనుకున్నారు, ఈమె మీరు కట్టారనుకుంది. ఉన్నమాట ఒక్కసారి అడిగి ఉంటే నేను ఇంత దూరం వచ్చేవాణ్ణే కాదు. సరే, ఇద్దరూ కట్టకపోతే ఎవరు కట్టారు? ఎప్పుడు కట్టారు?" జేబులోంచి గ్లవుజు తీసి పైకెత్తారు. "ఇంట్లో వేసిన రంగు తడిస్తే కారుతుంది. ఎనిమిది దుంగల మీదా చారలున్నాయి. పన్నెండు రోజుల్లో పడ్డది ఒక్కటే వాన. గురువారం పదకొండు నుంచి పన్నెండు దాకా. అంటే వాన ఆగకముందే గుడ్డలు కట్టి ఉన్నాయి."

"లెయోన్స్ దొరికింది పదకొండు తర్వాతే కదా. అప్పుడు కట్టి ఉండొచ్చు," అన్నాడు కోంబ్.

"అప్పటినుంచి పన్నెండున్నర దాకా ఈ నలుగురూ అతని చుట్టూనే ఉన్నారు, ఎవరూ కదల్లేదు. పైగా అతను బతికే ఉన్నాడని ఈ అమ్మ అరిచింది. బతికున్నవాడికి మైలగుడ్డ ఎవరు కడతారు? గుడ్డలు కట్టింది వానకి ముందు. లెయోన్స్‌కి ఏమైందో ఇంకా ఎవరికీ తెలియకముందు. అతను చచ్చిపోయి ఉంటాడని అప్పటికి తెలిసినవాడు లోకంలో ఒక్కడే. బయట గడియ వేసినవాడు."

ఒక ఈగ శాలువా దగ్గరికి వచ్చింది. ప్రాదల్‌గారు కళ్ళు గట్టిగా మూసుకుని, అది పోయాక తెరిచారు.

"అగాత్‌కి పావుగంటే దొరికింది. అందులో గంప తెచ్చుకుంది, రేవు చేరింది. ఏప్రాన్ చించి ఎనిమిది దుంగలకి కట్టే వ్యవధి లేదు. ఆచారమే తెలీదు. మాస్టారికీ తెలీదు, చలికి కప్పారనుకున్నాడు. ఆ రేకు పెట్టెలోని రిబ్బన్లు పన్నెండేళ్ళవి, అతను వచ్చి రెండేళ్ళు. మిగిలింది తల్లి, ఇంకొకరు. ఆ ఇంకొకరి మంచం పక్కన పిట్టలు చెక్కిన చెక్క పేళ్ళున్నాయి, గుడిసె వెనక ఒక దుంగ ఉంది. ఈ ఇంటి ఈగలే గనుక దానికీ చెప్పాలి. చెప్పాడు, గుడ్డ కట్టాడు, వాన కురిసింది. లెయోన్స్ బతికే ఉన్నాడని తెలిశాక ఆ గుడ్డ విప్పేశాడు గానీ చారలు ఉండిపోయాయి. ఇక్కడివి విప్పుదామని వచ్చేసరికి ఫిలోమెనమ్మ అప్పటికే వాటిని చూసి ఇక్కడ నిలబడి ఉంది."

అందరూ ఉర్బాన్ వైపు తిరిగారు. అతను దుంగల వైపు చూస్తున్నాడు.

"అది మసి," అన్నాడు మెల్లగా.

"కావచ్చు," అన్నారు ప్రాదల్ చాలా సౌమ్యంగా. "అయితే ఒక్కటే అడుగుతాను, ఉర్బాన్. ఈగలకి అబద్ధం చెప్పారు ఎవరో. యజమాని బతికుండగా పోయాడని చెప్పారు. చెప్పినవాడే నిజం చెప్పి గుడ్డ విప్పకపోతే ఇవి చలికాలం దాటతాయా? నాకు తెలీదు. నీకు తెలుసు."

ఉర్బాన్ చేతులు కిందికి వేలాడాయి. అతను నడిచి వెళ్ళి మొదటి దుంగ ముందు మోకరిల్లాడు.

"ఆదివారం అన్న నీమ్ పోతామన్నాడు," అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు. "పెళ్ళికూతురిగా వచ్చిన రోజు వాన. వదిన చెప్పు బురదలో దిగబడింది. నా భుజం మీద చెయ్యి వేసి, నవ్వి, చెప్పు లాక్కుంది. అంతే. సోమవారం నీలం గౌను, గురువారం బూడిదరంగుది. రేవులో ఏ రాయి మీద కూర్చుంటుందో, ఎప్పుడు జుట్టు ముడేసుకుంటుందో... పన్నెండేళ్ళు. నన్ను చూడకపోయినా సరే, రోజూ కనిపిస్తే చాలనుకున్నాను. నీమ్‌లో నేనెలా చూస్తాను?"

"ఒరేయ్ ఉర్బాన్," అంది ఫిలోమెన్. "నా చేత్తో అన్నం పెట్టానురా నీకు."

"పెట్టావు, పెద్దమ్మా."

"రోడ్డుదాకా ఎందుకు మోశావు మరి?" అని అడిగాడు కోంబ్.

"సగం దారిలో అన్న ఊపిరి నా మెడకి తగిలింది. పక్కనే లోయ. భుజం కాస్త వంచితే చాలు." ఉర్బాన్ మొదటిసారి అగాత్ వైపు చూశాడు. "నువ్వు పక్కనే పరుగెత్తుతున్నావు. 'ఉర్బాన్, నీకు దండం పెడతాను, జాగ్రత్తగా తీసుకెళ్ళు' అన్నావు. నువ్వు నన్ను పేరు పెట్టి పిలిచి ఒకటి అడగడం అదే మొదలు. వంచలేకపోయాను."

అగాత్ ముఖంలో అసహ్యమూ ఉంది, భయమూ ఉంది. కానీ చివరికి నోటివెంట వచ్చింది వేరే మాట. "గడియ వేసినందుకు నిన్ను ఎన్నటికీ క్షమించలేను. వంచనందుకు మాత్రం, ఆ ఒక్కదానికీ, బతికున్నన్నాళ్ళూ గుర్తుపెట్టుకుంటాను."

అతను ఎనిమిది దుంగల గుడ్డలూ ఒక్కొక్కటే విప్పాడు. ఒక్కోదాన్నీ వేలి కణుపుతో మూడుసార్లు తట్టి, "మీ యజమాని బతికే ఉన్నాడు. నేను అబద్ధం చెప్పాను. నేను మీ యజమానిని కాను," అన్నాడు. కోంబ్ మీసం దువ్వుకోవడం మానేసి, అంతా అయ్యేదాకా ఓపిగ్గా ఆగాడు. తర్వాత వాళ్ళు ఉర్బాన్ గుడిసె మీదుగానే కిందికి దిగారు. అక్కడి దుంగకీ అతను అదే మాట చెప్పి, చేతులు ముందుకు చాచాడు.

*

ఆ సాయంత్రమే ఆస్పత్రిలో అగాత్‌కు కుర్చీ దొరికింది. ఫిలోమెన్‌కు రెండో వైపు ఇంకో కుర్చీ వేశారు. ఇద్దరి మధ్యా లెయోన్స్ నిద్రపోతున్నవాడిలా ఉన్నాడు. పొగగది నిప్పు చూస్తూ మాస్టారు ఊళ్ళోనే ఉండిపోయాడు, పొట్టు ఎంత పోయాలో రెండుసార్లు రాసుకుని మరీ.

సోమవారం, అగాత్‌ను పోలీసులు తీసుకుపోతామన్న ఆ పూటే, ప్రాదల్‌గారూ మార్సెలీనూ చూడటానికి వెళ్ళారు. వాళ్ళు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లెయోన్స్ కళ్ళు తెరిచి ఉన్నాయి. అగాత్ అతని చెయ్యి తన కట్ల చేతుల్లో పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది. అతను ఏదో గొణిగాడు. ఫిలోమెన్ చెవి దగ్గర పెట్టింది.

"నిప్పు... ఆరిందా?"

"ఆరలేదురా," అంది తల్లి గట్టిగా. "నీ పెళ్ళాం ఆరనివ్వలేదు. నేను దాన్ని నానా మాటలూ అంటుంటే, ఆ చేతులతోనే రోజూ వెళ్ళి వేసింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చూస్తూ కూడా నోరు మూసుకోలేదు నేను."

ఆమె కండువా కొసతో కళ్ళు తుడుచుకుంది. ఆ వాన పడకపోతే కొడుకు దొరికేవాడు కాదు, నిజమూ బయటపడేది కాదు. గంట వానకి ఎన్ని దండాలు పెట్టినా చాలవని నిన్నటినుంచి ఆమె కనబడిన వాళ్ళందరితోనూ అంటోంది. ఎదురుగా ఉన్న మనిషికి చెప్పాల్సినది మాత్రం ఇంకా చెప్పలేదు. బల్ల మీద రొట్టె తీసి, కోసే ముందు ఆచారం ప్రకారం చాకు మొనతో దాని అడుగున శిలువ గీసి, ఒక ముక్క కోసింది. మంచం మీదుగా కోడలికి చాచింది.

"పొద్దుటినుంచి ఏమైనా తిన్నావా?" అని అడిగింది.

గుమ్మం దగ్గర మార్సెలీన్ గబగబా చేతిరుమాలు వెతుక్కుంది. దొరకలేదు. ప్రాదల్‌గారు అటు చూడకుండానే తన రుమాలు తీసి ఆమె చేతిలో పెట్టారు.